జపాన్‌లో అడవి మాంసం: ఏది తినాలి, ఏది వదిలేయాలి

టోక్యోలోనో ఒసాకాలోనో అడవి మాంసం వడ్డించే హోటల్‌కి మనవాళ్ళు నలుగురు కలిసి వెళ్తే, మెనూ చేతికి రాగానే చర్చంతా జంతువుల పేర్ల మీదే. ఎలుగుబంటి ఉందట, గుర్రం ఉందట, తిమింగలం కూడా ఉందట! ఎవరు ఎక్కువ వింతది తింటారన్న పందెంలో పడతారు. నాలుగు పచ్చి ముక్కలు బలవంతాన మింగుతారు. ఆ రాత్రి రూముకొచ్చి మ్యాగీ చేసుకుంటారు. జేబుకు మాత్రం చిల్లు పడుతుంది.

ఏ జంతువన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది ఎలా వండారని: కుండలో ఉడికించిందా, నిప్పుల మీద కాల్చిందా, పచ్చిదా? మన నాలుకకు పందికీ దుప్పికీ మధ్య ఉన్న తేడా కంటే ఈ మూడింటి మధ్య ఉన్న తేడానే పెద్దది. ఆరోగ్యం సంగతికొస్తే అది ఇంకా పెద్దది.

మన దగ్గర 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిపంది కూర, దుప్పి మాంసం తాతల కబుర్లలోకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఎవరైనా గుట్టుగా అమ్మితే కొన్నవాడి మీద కూడా కేసే. జపాన్‌లో కథ వేరు. అక్కడి కొండ ఊళ్ళలో జనం తగ్గిపోయి, జింకలూ అడవిపందులూ పెరిగిపోయాయి. అడవి జంతువుల వల్ల ఏటా 1,500 కోట్ల యెన్‌లకు పైగా పంట నష్టం జరుగుతోందని అక్కడి వ్యవసాయ శాఖ లెక్క. అందుకే వేటను ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది, వేటాడిన మాంసాన్ని పారేయకుండా తినమంటోంది. ఆ మాంసాన్ని ఎలా కోయాలో, ఎలా వండాలో చెబుతూ ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2018 నుంచి మాంసం శుద్ధి చేసే కేంద్రాలకు సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. బోర్డు మీద ‘జిబియె’ అని కనిపిస్తే లోపల అడవి మాంసం ఉందన్నమాట. అంటే మీరు తినేది దొంగచాటు సరుకు కాదు, నిశ్చింతగా కూర్చోవచ్చు.

మొదటిసారికి అడవిపంది కుండ

ఒక్కసారే వెళ్ళే అవకాశం ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా చెప్పేది బొతాన్ నాబె. నాబె అంటే కుండ. మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, కలిపిన పులుసులో ఉడికే అడవిపంది మాంసం ఇది. బొతాన్ అనేది ఒక పువ్వు పేరు. అలాగే మోమిజి అని ఉంటే జింక, సాకురా అని ఉంటే గుర్రం. మాంసం తినడం తప్పని చెప్పే రోజుల్లో చాటుగా తినడానికి పెట్టుకున్న పేర్లు ఇవి. మెనూలో పూలూ ఆకులూ కనిపించాయని శాకాహారం అనుకుని ఆర్డర్ చేయకండి.

జపాన్‌లో క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ జాబితాలో జింక లేదు, అడవిపంది లేదు. తర్వాతి శతాబ్దాల్లో బౌద్ధం ప్రభావంతో మాంసమంటేనే ముఖం తిప్పుకునే పరిస్థితి వచ్చినా, ‘ఇది మందు’ అని చెప్పుకుని అడవి మాంసం తింటూనే వచ్చారు. టోక్యోలోని ర్యోగోకు దగ్గర 1718లో మొదలైన మోమోంజియా అనే హోటల్ ఆ కాలం నాటిదే. మందుల కొట్టుగా మొదలై అడవిపంది కుండకు పేరుపడింది.

కుండ ఎలా వస్తుందో చెబితే మీకు ఆర్డర్ చేయడం తేలికవుతుంది. పెద్ద పళ్ళెంలో పల్చగా కోసిన ముక్కల్ని పూరేకుల్లా గుండ్రంగా పేర్చి తెస్తారు. ప్రతి ముక్కలో సగం ముదురు ఎరుపు, సగం తెల్లటి కొవ్వు. కొవ్వు పట్టీ ఎంత మందంగా ఉంటే సరుకు అంత మంచిది. అది చూసి మొహం చిట్లించి, కొవ్వు తీసేసి ఇమ్మని అడిగేవాళ్ళున్నారు. అలా అడగొద్దు, రుచంతా అందులోనే ఉంది. ఫారం పందికీ దీనికీ ఉన్న తేడా బ్రాయిలర్‌కీ నాటుకోడికీ ఉన్న తేడా లాంటిదే: కండ గట్టిగా, వాసన నిండుగా ఉంటుంది, కొవ్వు మాత్రం నోట్లో జిడ్డు మిగల్చదు. బల్ల మీదే పొయ్యి పెట్టి, మిసో పులుసు మరుగుతుండగా మాంసంతో పాటు గోబో అనే వేరు, ఉల్లికాడలు, పుట్టగొడుగులు, తోఫు వేస్తారు. నీచు వాసనను అణచడంలో మిసోకీ గోబోకీ మంచి పేరుంది. సుకియాకీ అనే గొడ్డు మాంసం కుండలో లాగా ముక్క రంగు మారగానే తీసి తినేయకండి. అడవిపంది ఎంతసేపు ఉడికితే అంత మెత్తబడుతుంది. పది నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు.

పైన చల్లుకోవడానికి సాన్షో పొడి ఇస్తారు. నిమ్మవాసన కలిసిన మిరియం లాంటి ఘాటు, నాలుక కొంచెం తిమ్మిరెక్కుతుంది. కారం చాలదంటే షిచిమి అడగండి, ఎండుమిరపకాయ కలిసిన మసాలా పొడి అది. దాదాపు ప్రతి చోటా ఉంటుంది. ముక్కలన్నీ అయ్యాక కుండ పంపించేయొద్దు. ఆ అడుగు పులుసులో ఉదోన్ నూడుల్స్‌గానీ అన్నంగానీ వేయించుకోండి. కొవ్వూ మిసో కలిసి చిక్కబడిన ఆ పులుసు అన్నం కోసమే ఒకసారి వెళ్ళొచ్చు.

ఎక్కడ? ఈ వంటకు పేరుమోసిన ఊరు హ్యోగో ప్రాంతంలోని తాంబా ససయామా. ఒసాకా నుంచి రైల్లో గంట ప్రయాణం. చలికాలంలో ఆ చుట్టుపక్కల హోటళ్ళన్నీ ఈ కుండ మీదే నడుస్తాయి. మనిషికి సుమారు 5,000 నుంచి 8,000 యెన్‌లు అనుకోండి. చాలా చోట్ల కనీసం ఇద్దరికి ఆర్డర్ చేయాలి. ఒంటరిగా ప్రయాణించేవాళ్ళకు ఇదొక ఇబ్బంది, ముందే కనుక్కోవాలి.

జింక: వండే చేతిని బట్టి

అడవిపంది కుండ ఎవరు వండినా తప్పు పట్టలేనంతగా వస్తుంది. జింక అలా కాదు. కొవ్వు బొత్తిగా ఉండదు, ఇనుము ఎక్కువ. బాగా వండితే మెత్తగా, శుభ్రమైన రుచితో ఉంటుంది. చేయి తిరగనివాడి చేతిలో పడితే పీచుపీచుగా, లివర్ వాసనతో మిగులుతుంది. వాసన ఎక్కువగా వచ్చిందంటే తప్పు జంతువుది కాకపోవచ్చు. వేటాడిన వెంటనే రక్తం తీసి చల్లబరచకపోతే ఏ జింకైనా అలాగే తయారవుతుంది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. బాగా ఉడికితే గట్టిపడుతుంది, ఉడక్కపోతే ప్రమాదం. మరి మంచి హోటల్‌లో జింక ముక్క కోస్తే మధ్యలో గులాబి రంగు కనిపిస్తుందేం? జపాన్ మార్గదర్శకాల ప్రకారం అడవి మాంసం మధ్యభాగం 75 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉండాలి, లేదా అంతకు సమానంగా తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉండాలి. ఓపికున్న వంటవాడు ఈ రెండో దారి పడతాడు. నెమ్మదిగా కాల్చి, కాసేపు పక్కన పెట్టి, మళ్ళీ కాలుస్తాడు. రంగు గులాబిగా ఉన్నా లోపల వేడి పట్టి ఉంటుంది, రక్తం కారదు. కోయగానే పళ్ళెంలో ఎర్రటి నీరు నిలిచి, ముక్క లోపల చల్లగా తగిలితే మాత్రం మొహమాటపడకుండా వెనక్కి పంపండి.

అందుకే జింకను ఇజాకాయాలో (మందుతో పాటు చిరువంటలు పెట్టే చోటు) కంటే ఫ్రెంచ్ లేదా ఇటాలియన్ పద్ధతిలో జిబియె వండే రెస్టారెంట్‌లో తినడం మేలంటాను. హొక్కైదో నుంచి వచ్చే ఎజో జింక అయితే ఒళ్ళు పెద్దది, మాంసం కూడా మెత్తన. బడ్జెట్ తక్కువైతే హైవే పక్కన ‘మిచి నో ఎకి’ అనే విశ్రాంతి కేంద్రాలుంటాయి. కొండ ప్రాంతాల్లో వాటిలో జింక కూర ప్యాకెట్లు, జింక మాంసం క్రొకెట్లు దొరుకుతాయి. కూరలో కారం ఉండదు. మీ సంచిలో ఉన్న పచ్చడి సీసాకు అదే సరైన సమయం.

పచ్చివి: ఒకే ఒక్క మినహాయింపు

అడవి జంతువు పచ్చిగా వద్దు. పంది వద్దు, జింక వద్దు, ఎలుగు అసలే వద్దు. జింక సాషిమి (పచ్చి ముక్కలు) అని ఎవరైనా గొప్పగా తెచ్చిపెట్టినా చేయి పెట్టకండి. 2003లో హ్యోగోలో పచ్చి జింక మాంసం తిన్నవాళ్ళకు హెపటైటిస్-ఇ అనే వైరస్ లివర్ జబ్బు సోకింది. జంతువు మాంసం నుంచి మనిషికి ఆ వైరస్ వస్తుందని గట్టిగా రుజువైంది ఆ ఘటనతోనే. 2016లో ఇబారాకిలో ఒక హోటల్‌లో సరిగా ఉడకని ఎలుగు మాంసం తిని చాలామందికి ట్రైకినెల్లా పురుగులు పట్టాయి. జపాన్ ఎలుగుల్లో ఉండే రకం ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. ‘జపాన్ వాళ్ళు పచ్చిగా తింటారు కదా, వాళ్ళకేం కాలేదు’ అనే వాదన ఇక్కడ పనికిరాదు. పశువుల లివర్‌ను పచ్చిగా వడ్డించడాన్ని 2012లోనూ, పచ్చి పంది మాంసాన్ని 2015లోనూ ఆపించింది జపాన్ ప్రభుత్వమే.

మినహాయింపు గుర్రం. బాసాషి అంటారు. ఇది అడవి గుర్రం కాదు, తిండి కోసం పెంచినది. గుర్రం మాంసంలో ఉండే ఒక పరాన్నజీవిని చంపడానికి మైనస్ 20 డిగ్రీల్లో 48 గంటలకు పైగా గడ్డకట్టించి తర్వాతే వడ్డిస్తారు. పచ్చి మాంసం రుచి చూడాలని మనసు పడితే దీంతోనే సరిపెట్టుకోండి.

గుర్రంలోనూ రెండు దారులున్నాయి. కుమామోతోలో కొవ్వు పాయలు పాయలుగా ఉన్న మాంసం, తియ్యటి సోయా సాస్, అల్లం, వెల్లుల్లి. పక్కనే తెల్లగా ఉండే మెడ కొవ్వు ముక్కలు పెడతారు, ఎర్ర ముక్కతో కలిపి తినాలి. ఫుకుషిమాలోని ఐజులో అయితే కొవ్వు లేని ఎర్ర ముక్క, దానికి వెల్లుల్లీ మిరపకారం కలిపిన మిసో. పేరు కుమామోతోది పెద్దది. అయినా మనవాళ్ళకు నేను ఐజు పద్ధతే చెబుతాను. తియ్యటి సాస్‌లో పచ్చి మాంసం ముంచుకోవడం చాలామందికి గొంతు దిగదు, వెల్లుల్లి కారం తగిలితే మాత్రం రెండో ముక్కకు చేయి దానంతటదే వెళ్తుంది. పచ్చిది వద్దే వద్దంటే సాకురా నాబె ఉంది, గుర్రం మాంసం కుండ. టోక్యోలోని మినోవా దగ్గర నకాయే అనే హోటల్ 1905 నుంచి అదే పనిలో ఉంది.

ఎలుగుబంటి, తిమింగలం

ఎలుగు కుండ రుచి గురించి విన్నదానికంటే తిన్నది నయంగా ఉంటుంది. తెల్లటి కొవ్వు దండిగా ఉండి పులుసులో తియ్యగా కరుగుతుంది. చలి నిద్రకు ముందు కొవ్వు పట్టిన జంతువుదైతే మరీ బాగుంటుంది. అకితా కొండల్లో మతాగి అనే సంప్రదాయ వేటగాళ్ళున్నారు. వాళ్ళ ఊళ్ళలోనూ హొకురికు వైపు కొన్ని సత్రాల్లోనూ దొరుకుతుంది. ఈమధ్య జపాన్‌లో ఎలుగులు ఊళ్ళ మీద పడుతున్నాయి. ఏప్రిల్‌తో మొదలయ్యే 2023 ఆర్థిక సంవత్సరంలో వాటి దాడులకు గురైనవాళ్ళు 219 మంది. అలాగని మాంసం చవకేం కాలేదు. మనిషికి 10,000 యెన్‌లు దాటడం మామూలే. ఆ డబ్బుతో అడవిపంది కుండ ఇద్దరు తినొచ్చు. అడవిపంది తిని నచ్చినవాళ్ళు రెండో మెట్టుగా దీనికి వెళ్ళాలి తప్ప ముందే దీనితో మొదలుపెట్టడం దండగ.

తిమింగలం విషయంలో రుచి కంటే మనస్సాక్షి ముందు అడ్డొస్తుంది. జపాన్ 2019 జూన్ 30న అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ నుంచి బయటికొచ్చి, మర్నాటి నుంచే వ్యాపారం కోసం వేట మళ్ళీ మొదలుపెట్టింది. అక్కడ అది చట్టబద్ధం. తినాలా వద్దా అన్నది మీ ఇష్టం. తినేటట్టయితే ఒసాకా వైపు దొరికే హరిహరి నాబె చూడండి, మిజునా ఆకుకూరతో చేసే కుండ. లేదంటే అల్లం, సోయాలో నానబెట్టి వేయించే తత్సుతా-అగె. యుద్ధం తర్వాత స్కూళ్ళలో మధ్యాహ్న భోజనంగా పిల్లలకు పెట్టిన వంట అది, పెద్దవయసువాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. రుచి పరంగా నాకైతే ఇది జింక కంటే ఒక మెట్టు కిందే. డబ్బా తిమింగలం సరదాగా కొని సూట్‌కేసులో మాత్రం వేసుకోకండి. అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న జంతువు, ఎయిర్‌పోర్టులో మీ టెన్షన్ మీది. ఎలుగు శరీర భాగాలతో చేసిన మందులకూ ఇదే మాట.

పిట్టలు

కామొ అని మెనూలో ఉంటే తొంభై పాళ్ళు అది పెంపుడు జాతితో కలిపిన ఐగామొ బాతు. సోబా నూడుల్స్ మీద వేసినా, ఉల్లికాడలతో కాల్చినా హాయిగా తినొచ్చు, భయపడేదేమీ లేదు. నిజమైన అడవి బాతు చలికాలంలోనే దొరుకుతుంది. తుపాకీతో కొట్టినదైతే పంటి కింద సీసపు గుళ్ళు తగలొచ్చు, మెల్లగా నమలండి. ఇషికావాలోని కాగాలో ఇప్పటికీ వలతో పట్టేవాళ్ళున్నారు. చీకటి పడేవేళ చెరువు నుంచి లేచే బాతుల మీదికి కర్రకు కట్టిన పెద్ద వలను గాల్లోకి విసిరి పడతారు. దెబ్బ తగలదు కాబట్టి మాంసంలో రక్తం గడ్డకట్టదు. అందుకే ఖరీదు. ఆ పక్కనే ఉన్న కనజావాలో జిబుని అనే చిక్కటి బాతు పులుసు ఊరంతా దొరుకుతుంది. అందులో ఎక్కువగా పెంపుడు బాతే, అయినా నాకు మొదటి ఓటు దానికే.

క్యోటోలో ఫుషిమి ఇనారి గుడి ముందు వీధిలో పిచ్చుకలనూ కౌజు పిట్టలనూ పుల్లకు గుచ్చి, సాస్ పూసి కాలుస్తారు. తలకాయతో సహా ఎముకలు కరకరలాడించి తినాలి. కౌజు మనకు కొత్త కాదు. మన దగ్గర ఫారాల్లో పెంచి అమ్మేది కూడా జపాన్ జాతి కౌజే. పిచ్చుకలో మాంసం కంటే ఎముకే ఎక్కువ, ఫొటోకు తప్ప కడుపుకు చాలదు. రెండూ ఉంటే కౌజు తీసుకోండి.

సుప్పోన్ అనే మెత్తడొప్ప తాబేలు కుండ, నగానో వైపు సోయాలో ఉడికించిన మిడతలు, కందిరీగ పిల్లలు కూడా ఉన్నాయి. మిడతలు తీపిగా కరకరలాడుతూ ఉంటాయి, బీరు పక్కన పెట్టుకుంటే ఎప్పుడైపోయాయో తెలియదు. తాబేలు పులుసు ఖరీదైన వ్యవహారం. ఆఫీసువాళ్ళు పిలిచి పెట్టిస్తే వెళ్ళండి.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో

వేట కాలం చాలా ప్రాంతాల్లో నవంబర్ 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు. హొక్కైదోలో అక్టోబర్ 1 నుంచి జనవరి ఆఖరు వరకు. జింక, పందులకు కొన్ని చోట్ల మార్చి మధ్య దాకా పొడిగిస్తారు. పంటల్ని కాపాడటానికి చంపేవి ఏడాది పొడుగునా ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో కూడా జింక దొరుకుతుంది, నిజానికి అప్పుడే దాని మాంసం బాగుంటుందనేవాళ్ళూ ఉన్నారు. అడవిపందికి మాత్రం డిసెంబర్, జనవరి దాటకుండా చూసుకోండి. వేసవిలో కొవ్వు కరిగిపోయిన పందికి అంత డబ్బు పెట్టడం అనవసరం.

చోటు ఎంచుకోవడంలో నా వరస ఇదీ: పందికి కొండ ఊరి సత్రం లేదా పాతకాలపు కుండ హోటల్, జింకకు పాశ్చాత్య వంట రెస్టారెంట్, గుర్రానికి కుమామోతో లేదా ఐజు వంట పెట్టే ఇజాకాయా. అన్ని జంతువులూ ఒకేచోట, మొసలితో సహా, దొరుకుతాయని బోర్డు పెట్టిన పట్నం బార్లకు సరదాకి వెళ్ళొచ్చు. ఫ్రీజర్‌లోంచి తీసిన పది రకాల మాంసానికి రుచి కోసమని వెళ్తే నిరాశే.

మనవాళ్ళలో గొడ్డు మాంసం తిననివాళ్ళు చాలామంది ఉంటారు. అడవి మాంసం హోటల్ కదా, గొడ్డు మాంసం ఎందుకుంటుందని అనుకోవద్దు. పక్క వంటల్లో, సాసుల్లో ఉంటుంది, జిబియె బర్గర్లలో కలిపేవాళ్ళూ ఉన్నారు. ‘గ్యూనికు వా హైత్తె ఇమాసు కా’ అని అడగండి, ఇందులో గొడ్డు మాంసం ఉందా అని. పంది తినని ముస్లిం స్నేహితులకు అడవిపంది కూడా పందే, వాళ్ళను పిలిచే ముందు ఆలోచించండి. శాకాహారులను ఈ హోటళ్ళకు తీసుకెళ్ళడం వాళ్ళను పస్తు పెట్టడమే. ఉత్త కూరగాయల పులుసు అన్నదాంట్లో కూడా చేపల రసం ఉంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు గుర్రంతో సహా పచ్చివన్నీ మానేసి, కుండలో తెర్లిన మాంసం వరకే ఉండటం మంచిది. కుండలోకి పచ్చి ముక్కలు వేసే చాప్‌స్టిక్స్, నోట్లో పెట్టుకునే చాప్‌స్టిక్స్ వేరుగా ఉంచుకోండి. విడిగా ఇవ్వకపోతే ఇంకో జత అడిగితే వెంటనే తెస్తారు.

కాల్చినదేదైనా అనుమానంగా ఉంటే ‘యోకు యాయ్తె కుదసాయ్’ అనండి, బాగా కాల్చమని. ఎవరూ చిన్నచూపు చూడరు. కొండ ఊరి సత్రాల్లో అడవిపంది కుండకు చాలాచోట్ల ముందుగా బుక్ చేయాల్సిందే. మాంసం ఎంత కోయాలో వాళ్ళకు ముందే తెలియాలి. ఫోన్‌లో జపనీస్ మాట్లాడటం రాకపోతే మీరు దిగిన హోటల్ రిసెప్షన్‌లో చెప్పండి, ఎంతమంది, ఏ కుండ, ఎన్నింటికి అన్నవి కాగితం మీద రాసిస్తే వాళ్ళే ఫోన్ చేసి పెడతారు.